ఆడేది పిల్లలు, కొనేది పెద్దలు: క్రిస్మస్ సీజన్‌లో కన్సోళ్ల పోటీ

(కామర్స్, ఎంబీఏ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. గేమ్స్ ఆడేవాళ్లు చేతులెత్తండి అని మేడమ్ అడిగినప్పుడు సగం హాలు చేతులెత్తింది. ఈరోజు నేను మాట్లాడేది ఆ గేమ్స్‌కి డబ్బు కట్టినవాళ్ల గురించి.

2006 డిసెంబరు, అమెరికా. మూడు కొత్త తరం కన్సోళ్లు, అంటే వీడియో గేమ్స్ ఆడుకునే యంత్రాలు, షాపుల్లో ఎదురెదురుగా ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360 వచ్చి అప్పటికి ఏడాది అయింది. సోనీ ప్లేస్టేషన్ 3 నవంబరు 17న వచ్చింది. నింటెండో వీ (Wii) ఇంకో రెండు రోజులకి, 19న దిగింది. పేపర్ల నిండా ఈ మూడింటి గొడవే. తర్వాత ఎన్‌పీడీ అనే మార్కెట్ పరిశోధన సంస్థ డిసెంబరు లెక్కలు బయటపెట్టింది. ఎక్స్‌బాక్స్ 360 సుమారు 11 లక్షలు, వీ సుమారు 6 లక్షలు, ప్లేస్టేషన్ 3 సుమారు 4 లక్షల 90 వేలు అమ్ముడయ్యాయి. అయితే టీవీకి తగిలించి ఆడే కన్సోళ్లలో ఆ నెల మొదటి స్థానం ఈ మూడింటిలో దేనికీ దక్కలేదు. సుమారు 14 లక్షలతో ప్లేస్టేషన్ 2 పైన నిలిచింది. అది 2000 అక్టోబరులో అమెరికాకు వచ్చిన యంత్రం. ఆరేళ్ల పాతది!

ఎందుకలా జరిగింది? ప్లేస్టేషన్ 3 రేటు 499, 599 డాలర్లు. ప్లేస్టేషన్ 2 రేటు 129. గేమ్స్ మీద ప్రాణం పెట్టే ఇరవై అయిదేళ్ల కుర్రాడైతే 599 కోసం అప్పు చేస్తాడు, షాపు ముందు రాత్రంతా పడుకుంటాడు. ముగ్గురు మనవలకి, ఇద్దరు మేనకోడళ్లకి కానుకలు కొనాల్సిన ఆవిడ అలా చెయ్యదు. డిసెంబరులో షాపుకొచ్చే వాళ్లలో ఎక్కువమంది ఆవిడ లాంటి వాళ్లే. పదకొండు నెలలు ఆడేవాళ్లు కొనుక్కుంటారు, ఆ ఒక్క నెలా ఆడనివాళ్లు కొంటారు. కన్సోళ్ల పోటీని పండగ తారుమారు చేసేది ఇక్కడే. అమ్మకాలు పెరగడం ఒక్కటే అయితే అందరికీ సమానంగా పెరగాలి కదా. పెరగవు. కొనే మనిషి మారిపోతారు కాబట్టి గెలిచే పెట్టె కూడా మారిపోతుంది.

ఈ సీజన్ ఎంత పెద్దదో ఒక్క లెక్క చెబుతాను. 2020 ఏప్రిల్ నుంచి 2021 మార్చి దాకా నింటెండో ప్రపంచం మొత్తం మీద 2 కోట్ల 88 లక్షల స్విచ్ కన్సోళ్లు అమ్మింది. అందులో 1 కోటి 15 లక్షలకు పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు మూడు నెలల్లోనే. ఏడాదిలో పావు భాగం కాలం, అమ్మకాల్లో నలభై శాతం. అమెరికాలో నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్, మర్నాడు బ్లాక్ ఫ్రైడే. అక్కణ్ణుంచి డిసెంబరు 24 రాత్రి షాపులు మూసేదాకా ఒకటే జాతర.

నేను అక్కడ ఎలక్ట్రానిక్స్ షాపులు చాలా ఉన్న ఒక కంపెనీలో స్టాకు ప్లానింగ్ పని చేశాను. డిసెంబరు వచ్చిందంటే ఆఫీసులో కూర్చునే మమ్మల్ని కూడా షాపుల్లోకి పంపేవారు. ఓసారి ఒక పెద్దావిడ వచ్చింది, డెబ్బై దాటి ఉంటాయి. కోటు జేబులోంచి మడతలు పెట్టిన కాగితం తీసి నా చేతికిచ్చింది. నోటుబుక్కులోంచి చింపిన కాగితం, పిల్లాడి చేతిరాత. మూడు పేర్లున్నాయి. మొదటి పేరు చుట్టూ పెన్సిల్‌తో రెండుసార్లు సున్నా చుట్టాడు. ఆవిడ మూడు ప్రశ్నలు అడిగింది. తొమ్మిదేళ్లవాడికి పనికొస్తుందా? ఇదొక్కటి కొంటే సరిపోతుందా, ఇంకేమైనా కొనాలా? చెల్లెలు కూడా కలిసి ఆడుకోవచ్చా? ప్రాసెసర్ సంగతి ఆవిడకి అక్కర్లేదు. సున్నా చుట్టిన పెట్టె ఆరోజు స్టాకులో లేదు. రెండో పేరుది ఉంది, చూపించాను. ఆవిడ కాసేపు ఆ డబ్బా వంక, కాగితం వంక మార్చి మార్చి చూసి, "వాడు సున్నా చుట్టింది దీనికి కాదు కదా నాయనా" అన్న భావంలో ఏదో అని, థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది.

మా ప్లానింగ్ షీట్లలో ఇలాంటి కస్టమర్‌కి ఒక గడి ఉండేది కాదు. ఒక కన్సోల్ లేకపోతే ఇంతశాతం మంది పక్కదానికి మళ్లుతారు అని లెక్క వేసుకునేవాళ్లం. మళ్లేవాళ్లు ఉన్నారు, కాదనను. మళ్లకుండా వెళ్లిపోయే వాళ్లెవరో అర్థం చేసుకోకపోతే మాత్రం ఈ వ్యాపారం సగమే అర్థమైనట్టు.

ఆవిడ రెండో ప్రశ్న చూడండి, ఇంకేమైనా కొనాలా అని. క్రిస్మస్ పొద్దున పిల్లాడు కాగితం చింపి డబ్బా తెరుస్తాడు. ఆరోజు షాపులు మూసి ఉంటాయి. డబ్బాలో గేమ్ లేకపోతే, రెండో కంట్రోలర్ లేకపోతే, పండగ అక్కడే చప్పబడిపోతుంది. అందుకే బండిల్ అనేదానికి, అంటే కన్సోల్‌తో పాటు గేమ్ కూడా కలిపి అమ్మడానికి, డిసెంబరులో అంత బలం. 1991లో సెగా కంపెనీ నింటెండో మీద గెలిచింది దీంతోనే. సెగా అమెరికా శాఖకి అప్పుడు టామ్ కాలిన్‌స్కీ అధిపతి. అంతకుముందు బొమ్మల కంపెనీ మాటెల్‌ని నడిపిన మనిషి. బొమ్మలు అమ్మినవాడికి కానుకలు కొనే తల్లి మనసు తెలుస్తుంది. అప్పటిదాకా జెనెసిస్ అనే తమ కన్సోల్‌తో పాటు ఇస్తున్న గేమ్ తీసేసి, కొత్తగా వచ్చిన సోనిక్ గేమ్ డబ్బాలో పెట్టించాడు. రేటు 149 డాలర్లకి దించాడు. జపాన్‌లోని పెద్దలకి ఇది నచ్చలేదు, వాళ్ల అధ్యక్షుడు ఒప్పుకోబట్టి సాగింది. అదే సమయానికి నింటెండో కొత్త సూపర్ నింటెండో 199కి దిగింది. పైగా ఇంట్లో ఉన్న పాత నింటెండో క్యాసెట్లు దాంట్లో పనిచేయవు. ఏళ్ల తరబడి పుట్టినరోజుకొకటి, క్రిస్మస్‌కొకటి కొనిపెట్టిన తల్లిదండ్రులకి అది ఎంత కష్టంగా అనిపించి ఉంటుందో ఊహించండి. మళ్లీ మొదటి నుంచి కొనాల్సిందే అయితే యాభై డాలర్లు తక్కువకి వచ్చేదాన్ని ఎందుకు కొనకూడదు అనుకున్నారు. ఆ సీజన్ సెగాది.

పదిహేనేళ్ల తర్వాత నింటెండో అదే పాఠాన్ని సెగా కంటే బాగా అమలు చేసింది. అమెరికాలో 249 డాలర్ల వీ డబ్బాలోనే వీ స్పోర్ట్స్ పెట్టింది. చేతిలో రిమోట్ పట్టుకుని ఊపితే టెన్నిస్, బౌలింగ్. అమ్మమ్మ కూడా ఆడొచ్చు. కానుక ఇచ్చినావిడే భోజనాలయ్యాక లేచి పిల్లలతో పాటు బౌలింగ్ ఆడింది. అది చూసిన పక్కింటివాళ్లు వచ్చే ఏడాదికి వాళ్ల జాబితాలో రాసుకున్నారు. ఇంతకంటే మంచి ప్రచారం డబ్బు పోసినా దొరకదు. 2007 క్రిస్మస్‌కి వీ దొరకలేదు. నెలకి 18 లక్షలు తయారుచేస్తున్నా చాలలేదు. అప్పుడు నింటెండో, గేమ్స్ అమ్మే గేమ్‌స్టాప్ షాపులు కలిసి ఒక పని చేశాయి. డిసెంబరు 20, 21 తేదీల్లో పూర్తి డబ్బు కట్టినవాళ్లకి ఒక చీటీ ఇచ్చారు. జనవరి చివరిలోగా కన్సోల్ ఇస్తామని హామీ. ఆ ఏడాది క్రిస్మస్ చెట్టు కింద పెట్టడానికి వాళ్లకి ఆ చీటీ అయినా దొరికింది. ఈ పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. సరుకు లేదని తల్లిని పక్క కంపెనీ దగ్గరికి పోనివ్వలేదు, బ్లాకులో రెట్టింపు రేటు పెట్టే పరిస్థితీ తేలేదు.

సరుకు ఉంటే గెలుస్తాం అనుకునేవాళ్లు 2000వ సంవత్సరం తప్పక చదవాలి. సెగా డ్రీమ్‌కాస్ట్ అప్పటికి ఏడాది నుంచి మార్కెట్లో ఉంది. మంచి గేమ్స్ ఉన్నాయి, రేటు 149కి తగ్గించారు, అరల నిండా స్టాకు ఉంది. అటువైపు సోనీ ప్లేస్టేషన్ 2 రేటు 299. విడిభాగాల కొరత వల్ల అమెరికాలో మొదటి రోజుకి పది లక్షలు పంపుతామన్న సోనీ అయిదు లక్షలకి తగ్గించుకుంది. అంటే బజారులో ఒకడి దగ్గర సరుకుంది, చవక కూడా. ఇంకొకడి దగ్గర సరుకు లేదు, ఖరీదు కూడా. కాగితం మీద ఆ పండగ సెగాదే కావాలి. కాలేదు. పిల్లలు సున్నా చుట్టింది ప్లేస్టేషన్ 2కి. స్కూల్లో అందరూ దాని గురించే మాట్లాడుకుంటున్నారు, పాత ప్లేస్టేషన్ గేమ్స్ కూడా దాంట్లో ఆడతాయి, పైగా డీవీడీ సినిమాలు చూడొచ్చు. డీవీడీ ప్లేయరే వందల డాలర్లు ఉన్న రోజులవి, నాన్నగారికి కూడా ఒక సాకు దొరికింది. జనం చవకగా దొరికేదాన్ని వదిలి, దొరకని దానికోసం ఆగారు. 2001 జనవరి 31న సెగా డ్రీమ్‌కాస్ట్ తయారీ ఆపేస్తున్నామని ప్రకటించింది. కన్సోళ్ల తయారీ నుంచే తప్పుకుంది.

మరి 2006లో దొరకని ప్లేస్టేషన్ 3 కోసం జనం అలా ఎందుకు ఆగలేదు? పేరు అదే, కంపెనీ అదే. 299 డాలర్లయితే ఇంకో నెల ఆగి కానుకగా ఇవ్వొచ్చు. 599 అంటే అది కానుక అనిపించదు, ఇంటికి కొత్త ఫ్రిజ్ కొన్నంత నిర్ణయం. సోనీ అత్యాశకి పోయి ఆ రేటు పెట్టిందని నేననను. డీవీడీ తర్వాతి తరం డిస్క్ అయిన బ్లూరేకి డ్రైవు, కొత్త ప్రాసెసర్ కలిపి 599 రకం తయారీకే 800 డాలర్లు పైన అవుతోందని ఐసప్లై సంస్థ విప్పి చూసి అంచనా వేసింది. ప్రతి పెట్టె మీదా నష్టం. బ్లూరేకి కావలసిన నీలి లేజర్ డయోడ్లు దొరక్క యూరప్ విడుదలని 2007 మార్చికి వాయిదా వేశారు. అంత కష్టపడి తెచ్చిన యంత్రం పండగ బడ్జెట్‌కి అందలేదు. అదే యంత్రాన్ని సన్నగా చేసి, 2009 సెప్టెంబరులో 299కి తెచ్చారు. ఆ డిసెంబరు అమెరికాలో 13 లక్షల 60 వేలు అమ్ముడై, ఎక్స్‌బాక్స్ 360ని స్వల్పంగా దాటింది. గేమ్స్ కూడా పెరిగాయనుకోండి, కానీ ఆ మూడు నెలల్లో వచ్చిన తేడాకి నేను ముందుగా రేటునే చూస్తాను.

నింటెండో కథలో మీరు ఎక్కువ ఆలోచించాల్సింది దాని తర్వాతి భాగం. అదే 2009 డిసెంబరులో వీ అమెరికాలో 38 లక్షలు అమ్ముడైంది. ఒక్క నెలలో, ఒక్క దేశంలో. నింటెండోకి తిరుగులేదు అనుకున్నారు. కానీ కానుకగా వచ్చిన కన్సోల్‌కీ, ఆశపడి సొంతంగా కొనుక్కున్న కన్సోల్‌కీ ఆయుష్షులో తేడా ఉంటుంది. కానుకగా తీసుకున్న ఇల్లు డబ్బాలో వచ్చిన గేమ్ తనివితీరా ఆడుతుంది, ఇంకో రెండు మూడు కొంటుంది, తర్వాత పెట్టె టీవీ కింద దుమ్ము పడుతుంది. సొంతంగా కొనుక్కున్న కుర్రాడు నెలనెలా కొత్త గేమ్ కొంటాడు, ఆన్‌లైన్ చందా కడతాడు. ఈ వ్యాపారంలో అసలు లాభం పెట్టె మీద కాదు, గేమ్స్ మీద, చందాల మీద ఉంటుంది. 2012 నవంబరులో నింటెండో వీ యూ తెచ్చింది. ఆడేవాళ్లకి అదేంటో తెలుసు. వీ కొన్న అమ్మలకి, అమ్మమ్మలకి మాత్రం అది కొత్త కన్సోల్ అని తట్టలేదు. పాత వీకి తగిలించుకునే తెరేమో అనుకున్నవాళ్లు ఉన్నారని నింటెండో అప్పటి అధ్యక్షుడు సతోరు ఇవాతా స్వయంగా ఒప్పుకున్నారు. వీ జీవితకాలంలో 10 కోట్ల 16 లక్షలు అమ్ముడైతే వీ యూ 1 కోటి 35 లక్షల దగ్గర ఆగిపోయింది. కానుకలు కొనేవాళ్లని గెలుచుకోవడం ఒక పండగ పని. వాళ్లని నిలబెట్టుకోవడానికి మళ్లీ ప్రతి పండగకీ మొదటి నుంచి చెప్పుకోవాలి. వాళ్లు గేమింగ్ వార్తలు చదవరు.

ఇదే మాట మైక్రోసాఫ్ట్‌కి కూడా అనుభవంలోకి వచ్చింది. 2013లో ఎక్స్‌బాక్స్ వన్ 499, ప్లేస్టేషన్ 4 399 డాలర్లు. ఆ వంద తేడా మైక్రోసాఫ్ట్‌ని వెంటాడింది. 2014 నవంబరులో ఎక్స్‌బాక్స్ రేటుని పండగ కోసం 349కి దించి, గేములు కలిపి ఇచ్చారు. అమెరికాలో ఆ నవంబరు, డిసెంబరు ఎక్స్‌బాక్స్‌వే అయ్యాయి. మొత్తం మీద ప్లేస్టేషన్ 4 ఆధిక్యం మాత్రం చెక్కుచెదరలేదు. పండగ రేటు రెండు నెలల గెలుపు ఇచ్చింది, ఆ తరం కన్సోళ్ల పోటీలో గెలుపు ఇవ్వలేదు. ఆ క్రిస్మస్ నాడే ఇంకో దారుణం జరిగింది. లిజార్డ్ స్క్వాడ్ అని పేరు పెట్టుకున్న హ్యాకర్ల ముఠా సోనీ, మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ సర్వర్ల మీద దాడి చేసింది. పొద్దున్నే డబ్బా విప్పిన పిల్లలు లాగిన్ కాలేకపోయారు. ఏడాది మొత్తంలో ఆ ఒక్క రోజునే ఎంచుకున్నారంటే, ఆరోజు విలువ ఎంతో ఆ ముఠాకి కూడా తెలుసన్నమాట.

నాకు నిజంగా కోపం తెప్పించే విషయం ఒకటి చెప్పాలి. 2020 నవంబరులో ప్లేస్టేషన్ 5, కొత్త ఎక్స్‌బాక్స్‌లు వచ్చాయి. కరోనా కాలం, చిప్‌ల కొరత. ఆన్‌లైన్‌లో స్టాకు పెట్టిన క్షణాల్లో, మనిషి బదులు వాటంతటవే కొనేసే బాట్ ప్రోగ్రాములతో గుంపుగా కొనేసి, మళ్లీ రెట్టింపు రేట్లకి అమ్మినవాళ్లున్నారు. మామూలు కుటుంబం ఎన్నిసార్లు రిఫ్రెష్ కొట్టినా దొరకదు. సెలవుల కానుకలు కొల్లగొట్టే ఈ బాట్ల మీద అమెరికా కాంగ్రెస్‌లో బిల్లు కూడా పెట్టారు. కంపెనీకి పెట్టె అమ్ముడైతే చాలు, ఎవరికి అమ్ముడైతేనేం అని కొందరు నాతో వాదించారు. నేను ఒప్పుకోను. బ్లాకులో కొన్న ఇంట్లో గేమ్స్‌కి పెట్టాల్సిన డబ్బు బ్లాకువాడి జేబులోకి పోయింది. కొనలేని ఇంట్లో ఒక పిల్లాడు నిరాశపడ్డాడు. రెండూ నష్టాలే, రెండూ అమ్మకాల పట్టికలో కనిపించవు.

దీనికి మందు ఉందా అంటే, ఒక దారి నింటెండో చూపించింది. స్విచ్‌ని 2017 మార్చిలో విడుదల చేశారు. పండగ సీజన్ కాదని చాలామంది పెదవి విరిచారు. మార్చిలో వచ్చేవాళ్లు అభిమానులు, క్యూలో నిలబడి వాళ్లకి కావలసింది వాళ్లు తీసుకెళ్లారు. అక్టోబరు 27న కొత్త మారియో గేమ్ వచ్చింది. డిసెంబరుకి కానుకలు కొనేవాళ్లు వచ్చేసరికి గేమ్స్ ఉన్నాయి, పిల్లల నోట్లో పేరు నానింది. మొదటి పది నెలల్లో అమెరికాలో 48 లక్షలు అమ్ముడయ్యాయి. 2025లో స్విచ్ 2ని జూన్ 5న విడుదల చేశారు, నాలుగు రోజుల్లో ప్రపంచవ్యాప్తంగా 35 లక్షలు దాటాయి. అభిమానుల తొక్కిడి వేసవిలోనే అయిపోతే, డిసెంబరు అరలు కానుకల కోసం మిగులుతాయి. ఆడేవాళ్లనీ, కొనిచ్చేవాళ్లనీ ఒకే వారంలో ఒకే క్యూలో నిలబెట్టకపోవడం అన్నిటికంటే తెలివైన ప్లానింగ్ అని నా అభిప్రాయం.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సర్, మన దగ్గర దసరా, దీపావళికి కూడా ఇలాగే జరుగుతుందా?)

మంచి ప్రశ్న అమ్మా. పూర్తిగా ఇలా జరగదు. ప్లేస్టేషన్ 5 అమెరికాలో 2020 నవంబరు 12న వచ్చింది, మన దగ్గరికి 2021 ఫిబ్రవరి 2న, 49,990 రూపాయలకి. దసరా, దీపావళి, చివరికి సంక్రాంతి కూడా దాటిపోయాక! మన పండగ క్యాలెండరు వాళ్ల ప్లానింగ్‌లో అప్పటికి అంత దూరంలో ఉంది. దసరా ముందు ఆన్‌లైన్ కంపెనీల పెద్ద సేల్స్ వచ్చాక కన్సోళ్ల మీద ఆఫర్లు కనిపిస్తున్నాయి, అది నిజమే. కానీ మన ఇళ్లలో పండక్కి ముందు బట్టలు, బంగారం, ఇంటి సామాను. కన్సోల్ చాలా ఇళ్లలో చదువుకి ముడిపడి ఉంటుంది. "టెన్త్‌లో మంచి మార్కులు తెచ్చుకో, కొనిస్తాను" అనే మాట మీలో ఎంతమంది విన్నారో నాకు తెలియదు కానీ, నవ్వుతున్నారు కాబట్టి కొందరైనా విన్నట్టే. అంటే మన కానుకల సీజన్ ఒకటి రిజల్ట్స్ వచ్చే ఎండాకాలంలో కూడా ఉంది. ఆ నెలల్లో మన ఊళ్లలో కన్సోల్ స్టాకు, ఆఫర్లు ఎలా ఉంటున్నాయో మీలో ఎవరైనా ప్రాజెక్టుగా తీసుకుని షాపు షాపుకీ తిరిగి లెక్క రాస్తే బాగుంటుంది. ఇంకోటి కూడా ఆ లెక్కలో చేర్చండి. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే బాబాయి బ్లాక్ ఫ్రైడేకి కొని, సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి తెచ్చే కన్సోల్. ఆడేది గుంటూరులో, అమ్మకం పడేది అమెరికా ఖాతాలో. ఇక్కడి డీలర్ దగ్గర కూర్చుని పట్టిక చూసేవాడికి ఆ ఇంట్లో గిరాకీ ఉందనే తెలియదు, అందుకే వచ్చే ఏడాది కూడా ఇక్కడికి తక్కువ సరుకే ఆర్డరు పెడతాడు.